ఆమె గొంతూ నాలుగు డిస్కులూ

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ తెర వెలిగించి చూశాను. సున్నా ఉండాల్సిన చోట నూట ఇరవై ఎనిమిది ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నూట ఇరవై ఎనిమిదే. వంటింట్లో మా ఆవిడ బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పాప ఆమె చెంగు పట్టుకుని ఏదో అడుగుతోంది. నేను మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. ఎందుకంటే మెట్ల కింది ఆ ఇనప పెట్టెలో ఉన్నది మా ఆవిడ గొంతు. అది ఇంకెక్కడా లేదు. ఆవిడ దగ్గర కూడా లేదు.

ఇది రెండువేల సంవత్సరం దాటిన అయిదారేళ్లకి జరిగిన సంగతి. అంతకు నాలుగేళ్ల ముందు, పాపకి ఇంకా ఏడాది నిండకుండానే, మా ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఆవిడ మేముండే పటమటలోనే ఒక స్కూల్లో టీచరు. ఆదివారాలు చర్చిలో పాడేది కూడా. రోజంతా అరిచే ఉద్యోగం, బొంగురుపోక ఏమవుతుందిలే అనుకున్నాం. మిరియాల పాలు, ఉప్పునీళ్లు పుక్కిలించడం, అల్లం, అన్నీ అయ్యాయి. మూడు నెలలు అలా నాన్చాను. నాన్చింది నేనే, ఆవిడ కాదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. చివరికి డాక్టరు చూసి, క్యాన్సరు, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. మెడ కింద ఒక రంధ్రం పెడతారు, ఇక ఊపిరి ఎప్పటికీ అక్కణ్ణుంచే. ఆపరేషనుకి ఆరు రోజులు గడువుంది.

నేను ఇబ్రహీంపట్నం అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఆ ఆరు రోజుల్లో నా బుర్రకి తోచింది ఒక్కటే. ల్యాబ్ నుంచి ఒక మైకు అడిగి తెచ్చాను. మే నెల. ఫ్యాను చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసి, వీధి గోల పడుతుందని కిటికీలు మూసేసి, ఆ ఉడుకులో ఆవిడ చెమటలు కక్కుతూ మైకు ముందు కూర్చుంది. పాప పెద్దవుతూ వినాల్సినవన్నీ చెప్పింది. జోలపాటలు, చర్చి పాటలు, అఆలు, ఇరవై దాకా ఎక్కాలు, జ్వరం వస్తే చేసే ప్రార్థన, అన్నం పారేస్తే తిట్టే తిట్లు. పెళ్లప్పుడు కూతురికి తల్లి చెప్పే మాటలు కూడా చెప్పింది. పాపకి అప్పటికి వచ్చింది నాలుగు పళ్లు. గొంతు బొంగురుగానే ఉంది, అయినా ఆవిడ గొంతే. మొత్తం నలభై ఒక్క ఫైళ్లు. పదిహేడో దాంట్లో మధ్యలో ఆగి, "ఏవండీ, పాలు పొంగుతున్నాయి చూడండి" అని నన్ను కేకేసింది. అప్పట్లో ఆ ముక్క కోసేద్దామనుకున్నాను. కొయ్యకపోవడమే మంచిదైంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను పెట్టుకుని వినేది ఆ ముక్కే. వినేసి, ముఖం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు తిరిగేవాణ్ణి.

ఆపరేషను తరవాత, మెడకి ఆనించుకుని మాట్లాడే మెషీన్ ఒకటి తెప్పించాం. ఆ రేకు గొంతు వినగానే పాప జడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టేసింది, మళ్లీ తియ్యలేదు. పిలవాలంటే వేలి ఉంగరంతో గుమ్మం మీదో కంచం మీదో రెండుసార్లు కొట్టేది, టక్ టక్ అని. చెప్పాలంటే నోటుబుక్కులో రాసేది. పెద్ద సైజు లాంగ్ నోటుబుక్కు, ఎప్పుడూ చంకలోనే. మొదట్లో ఆవిడ రాసిన ప్రతి అక్షరం దగ్గర కూర్చుని చదివాను. ఏడాది గడిచేసరికి సగం చదివి తల ఊపడం అలవాటైంది. రెండో ఏడాదికి, ఆవిడ పుస్తకం తెరుస్తుండగానే "సరే సరే" అనేసేవాణ్ణి. సంసారంలో ఏం రాస్తారు? పప్పు అయిపోయింది, గ్యాసు బుక్ చెయ్యండి, పాప ఫీజు. నిండిపోయిన పుస్తకాలు పాత పేపర్ల అతనికి వేసేసేవాణ్ణి. అటక మీద చోటు లేదు మరి.

ఆ నూట ఇరవై ఎనిమిది కనబడిన ఏడాదే, ఎండలు ముదరకముందే నేను చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. ఆవిడ ఊపిరి మెడలోని రంధ్రం నుంచి కదా, ముక్కులో వడపోత ఉన్నట్టు అక్కడ ఉండదు. పల్చటి గుడ్డ కట్టుకున్నా, పెరట్లో దుమ్ము లేస్తే చాలు దగ్గు తెర మొదలయ్యేది. ఆ దగ్గుకి చప్పుడు ఉండదు, ఒళ్లంతా ఎగిరెగిరి పడుతుంది. చూడలేకపోయాను. మేస్త్రీని పిలిచి పెరడంతా సిమెంటు చేయించేశాను. ఆ రోజు ఆవిడ పుస్తకం పట్టుకుని వచ్చి, మేస్త్రీకి అడ్డంగా, గోడ పక్కన కరివేపాకు మొక్క దగ్గర నిలబడింది. రోజూ బియ్యం కడిగిన నీళ్లు ఆ మొక్కకే పోసేది. మొక్క పోతుందని బాధపడుతోందనుకున్నాను. పుస్తకం నా ముఖం ముందు పెట్టింది. "సరే, సరే, కరివేపాకు రోజూ బజార్లో తెస్తాలే" అన్నాను. ఆవిడ కాసేపు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రానికి పెరడు నున్నగా తయారైంది. దగ్గు కూడా నిజంగానే తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక ఆ పెట్టె సంగతి. రికార్డు చేసిన కంప్యూటర్‌లో డిస్కు రెండేళ్లకే చచ్చిపోయింది. సీడీల మీద కూడా ఎక్కించి దాచాను గానీ, మన ఊరి తేమకి వాటి మీద బూజు పాకి తెల్లటి మచ్చలు తేలాయి, ఒక్కటీ చదవబడలేదు. అదృష్టం కొద్దీ అప్పటికే ల్యాబ్‌లో పాతబడిన పెట్టె ఒకటి ఇంటికి తెచ్చి, నాలుగు డిస్కులు బిగించి, హాల్లో మెట్ల కింద పెట్టి, అన్నీ దాంట్లోకి కూడా ఎక్కించాను. సర్వర్ అంటే పెద్ద మాట. రాత్రీ పగలూ గుయ్యిమంటూ వెలిగే పెట్టె, అంతే. సిమెంటు చేయించిన నెలకే దానికి పెద్ద డిస్కులు కొని, పాతవాటి నుంచి కొత్తవాటికి మొత్తం కాపీ చేసి, పాతవి శుభ్రంగా తుడిచేసి కాలేజీ పిల్లల ప్రాజెక్టులకి ఇచ్చేశాను. అప్పటికి భయం ఎరగని రోజులు.

ఆ పెట్టె పని చేసే పద్ధతి ఇది. మూడు డిస్కుల్లో సరుకు ఉంటుంది. నాలుగోది సాక్షి. మూడింట్లోనూ ఒకే వరుసలో ఉన్న అంకెలు కలిపితే సరి వచ్చిందా బేసి వచ్చిందా అన్నది మాత్రం అది రాసి పెట్టుకుంటుంది. దాన్నే పారిటీ అంటారు. మూడింట్లో ఒకటి చచ్చినా, మిగిలిన రెండింటినీ సాక్షి మాటనీ కలిపి చూసి పోయినదాన్ని రాబట్టొచ్చు. నెలకోసారి, మొదటి ఆదివారం, ఈ లెక్క మొదటి నుంచి చివరి దాకా సరిపోతోందో లేదో చూడమని దానికి పురమాయించేవాణ్ణి. తెల్లారి మొదలుపెట్టి చర్చికి వెళ్తే, మేం తిరిగొచ్చేసరికి పని పూర్తయ్యేది. తప్పులు ఎన్ని అన్న చోట ఎప్పుడూ సున్నా. ఆ సున్నా చూశాకే నాకు ఆదివారం అన్నం రుచించేది.

ఆ రోజు నూట ఇరవై ఎనిమిది కనబడగానే నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఇరవై మందికి పాఠాలు చెప్పేవాణ్ణి, కంగారులో సరిచెయ్యి అని కొట్టేశాను. కొట్టాక అర్థమైంది, కొంప ముంచానని. పారిటీ లెక్క తప్పిందని చెబుతుందే గానీ తప్పెవరిదో చెప్పదు. సరిచెయ్యి అంటే ఆ పెట్టె మూడు డిస్కులు చెప్పిందే నిజమనుకుని, సాక్షి మాట చెరిపేసి కొత్తగా రాసేస్తుంది. అబద్ధమాడుతున్నది ఆ మూడింట్లో ఒకటైతే? ఉన్న ఒక్క సాక్షి నోరూ నా చేత్తో నేనే నొక్కేసినట్టు. మా ఆవిడ వచ్చి ఉంగరంతో తలుపు మీద టక్ టక్ మంది, అన్నానికి రమ్మని. వస్తున్నా అన్నాను. ఏం తిన్నానో తెలీదు.

మర్నాడు సెలవు పెట్టి మళ్లీ లెక్క చూపించాను. ఈసారి మూడొందల పైచిలుకు, అదీ వేరే వేరే చోట్ల. అంటే నిన్న సరిచేసినవి కావు ఇవి. ప్రతిసారీ కొత్తవి పుడుతున్నాయి. ఏ ఫైలునీ తెరవడానికి చెయ్యి రాలేదు. తెరిస్తే ఆ గొంతు బదులు గరగర వినిపిస్తే? ఇంకో చోటికి కాపీ చేద్దామా అంటే, అబద్ధమాడే పెట్టె నుంచి కాపీ చేస్తే అబద్ధమే కాపీ అవుతుంది. అయినా తప్పక ఒక విడి డిస్కులోకి రెండుసార్లు కాపీ చేసి ఆ రెంటినీ పోల్చాను. రెండూ ఒకేలా లేవు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరికి అంటే ఆవిడకే. ఆపరేషను అయ్యాక ఆవిడ ఆ ఫైళ్లు ఒక్కసారి కూడా వినలేదు. పెట్టమంటావా అని ఒకసారి అడిగితే చెయ్యి అడ్డంగా ఊపింది. వినకపోయినా, ఉన్నాయన్న ధీమా ఉండేదనుకుంటాను. చర్చిలో ఎవరైనా అయ్యో పాపం అన్నట్టు చూస్తే, నన్ను చూపించి, చెవి చూపించి నవ్వేది. మా ఆయన దాచాడు అని. ఆ మనిషికి పోయి ఏం చెప్పను? నీ గొంతు రెండోసారి కూడా పోగొట్టాను అనా?

అక్కణ్ణుంచి మూడు వారాలు నేను మనిషిని కాదు. పాప మెట్ల కింద ఆడుకోవడానికి వస్తే గసిరేవాణ్ణి. డిస్కులు ఆరోగ్యంగానే ఉన్నాయా అని ఒక్కొక్కదాన్నీ పరీక్ష పెట్టాను, నాలుగూ బాగున్నామనే అన్నాయి. కేబుళ్లు మార్చాను. మెమరీ కార్డులు ఊడదీసి, వాటి పసుప్పచ్చ పళ్లని పాప పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను. మెమరీకి పగలంతా పరీక్ష పెట్టాను, ఒక్క తప్పూ రాలేదు. కరెంటు ఇచ్చే డబ్బా ల్యాబ్ నుంచి మంచిది తెచ్చి మార్చాను. ఒక్కో మార్పుకీ ఒక్కో రోజు. ప్రతి సాయంత్రం తెర ముందు నిలబడి, సున్నా, దేవుడా సున్నా అనుకుంటూ చూడటం, అక్కడ అరవయ్యో రెండొందలో ఉండటం. ఒక రోజు ఎనిమిదే వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. మర్నాడు నాలుగొందలు. ఒళ్లు మండి పెట్టెని కాలితో తన్నబోయి, లోపల ఎవరున్నారో గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆఖరికి పెట్టెని ల్యాబ్‌కే తీసుకుపోదామనుకున్నాను. ఆటో మాట్లాడుకుని, దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పటమట నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో నాకు ఆ రోజే తెలిసింది. నెమ్మదిగా పోనివ్వు బాబూ అని నేను అన్న ప్రతిసారీ, డ్రైవరు అద్దంలోంచి నా ఒళ్లో ఉన్నదాన్ని అనుమానంగా చూశాడు. చివరికి పసిపిల్లాడా అండీ అని అడిగాడు. కాదు, మా ఆవిడ అనబోయి మింగేశాను.

ల్యాబ్‌లో పెట్టి లెక్క చూపిస్తే సున్నా. నమ్మకం కలగక మళ్లీ చూపించాను. సున్నా. రెండుసార్లు కాపీ చేసి పోల్చాను. అక్షరం తేడా లేదు. అక్కడే దాన్ని రెండు రోజులు ఉంచాను. సున్నా, సున్నా. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి ఇంకా భయమేసింది. పెట్టెలో రోగం లేదు, సరే. మరి ఇంట్లో ఏముంది? తోటి ఉద్యోగి ఒకాయన, మీ ఇంట్లో దెయ్యముందేమో చూసుకోండి అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకో భయం కూడా పట్టుకుంది. ఇంట్లోనే కదా నేను కొత్త డిస్కుల్లోకి కాపీ చేసింది. అప్పుడే తప్పు రాసుకుని ఉంటే, ఇక్కడొచ్చే సున్నాకి అర్థమేమిటి? తప్పుడు లెక్కే అయినా తప్పకుండా ఒప్పజెబుతోందని అర్థం.

ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాను. లెక్క చూపించాను. నూట తొంభై రెండు.

ఆ రోజు శనివారం. మా ఆవిడ అప్పుడే ఇల్లు తడిగుడ్డ పెట్టి, పాపని తీసుకుని పక్కింటికి వెళ్లింది. ఇల్లంతా ఖాళీ. నాకు ఇంక ఏం చెయ్యాలో తోచలేదు. మా వాళ్లకి ఒక అలవాటుంది. రోగం వచ్చినా, కొత్త బండి కొన్నా, పిల్లలు పరీక్షకి వెళ్తున్నా, తల మీదో బండి మీదో చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాం. ఇంట్లో నేను ఎప్పుడూ రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను, ల్యాబ్ అలవాటు. ప్రార్థనకి కాబట్టి చెప్పులు విడిచాను. తడి గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఇనప పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాను.

అరచేతిలోంచి మోచెయ్యి దాకా జిల్లుమంది.

నిజం చెబుతున్నాను, ముందు దేవుడే అనుకున్నాను. ఒళ్లంతా గగుర్పొడిచింది. చెయ్యి తీసి, మళ్లీ భయంభయంగా ఆనించాను. మళ్లీ జిల్లుమంది. అప్పటికి గానీ నా చదువు నాకు గుర్తు రాలేదు. కరెంటు. పెట్టె ఒంటి మీదికి కరెంటు కొద్దికొద్దిగా వస్తోంది, భూమిలోకి పోవాల్సినది పోవడం లేదు. లేచి టెస్టరు తెచ్చి పెట్టె మీద పెట్టాను, దాంట్లోని బుల్లి దీపం వెలిగింది. వంటింట్లోకి పరిగెత్తి ఫ్రిజ్జు మీద పెట్టాను, వెలిగింది. స్నానాల గదిలో గీజరు పైపు మీద పెట్టాను, వెలిగింది. మూడు వారాలుగా నేను డిస్కుల కోసం ఏడుస్తున్నాను, పాప రోజుకి పదిసార్లు ఆ ఫ్రిజ్జు తలుపు తీస్తోంది. తడి చేతులతో. ఉత్త కాళ్లతో. వెళ్లి మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌కి కబురు పెట్టాను.

ఎలక్ట్రీషియన్ గంటలో వచ్చాడు. పెద్దాయన, ఎక్కువ మాట్లాడడు. బోర్డు విప్పి చూసి, వైర్లన్నీ బానే ఉన్నాయన్నాడు. తరవాత అడిగాడు.

"ఎర్త్ గొయ్యి ఎక్కడుందండీ మీకు?"

నాకేం తెలుసు? ఈ ఇల్లు మా మామగారు కట్టుకున్నది. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి పోయారు. ఏది ఎక్కడ పెట్టించారో నేనెప్పుడూ అడగలేదు. అప్పుడే మా ఆవిడ పక్కింటి నుంచి వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఆవిడని కూడా అదే అడిగాడు. ఆవిడ ఏమీ రాయలేదు. నేరుగా పెరట్లోకి నడిచి, గోడ పక్కన, ఒకప్పుడు కరివేపాకు మొక్క ఉన్న చోట, సిమెంటు మీద కాలి బొటనవేలు పెట్టి చూపించింది. ఆ పెద్దాయన నా వంక చూశాడు. గొట్టం మీద సిమెంటేశారా అండీ అన్నాడు, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు. గొట్టం చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి ఉంటారని, వేసవిలో రోజూ బిందెడు నీళ్లు పడకపోతే మట్టి ఎండిపోయి కరెంటు లోపలికి దిగదని చెప్పాడు. పైగా గొట్టానికి బిగించిన తీగ మేస్త్రీ గడ్డపలుగు తగిలి ఊడిపోయి ఉంటుందన్నాడు.

బియ్యం కడిగిన నీళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నాను. మొక్కకి పోస్తోందనుకున్నాను.

మా ఆవిడ చంకలోని పుస్తకం తీసి, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చి, ఒక పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది. సిమెంటు వేసిన రోజు పేజీ. గుండ్రటి టీచరు రాత. "ఇక్కడ వద్దండీ. ఎర్త్ గొట్టం ఉంది. నాన్న పెట్టించారు, రోజూ నీళ్లు పోయమన్నారు. ఆగిపోతే ఇంట్లో కరెంటు కొడుతుంది. పాప ఉంది." ఆఖరి రెండు మాటల కింద గీత గీసి ఉంది. ఆ రోజు నా ముఖం ముందు పెట్టింది ఇదే. నేను కరివేపాకు తెస్తానన్నాను.

మర్నాడు సిమెంటు పగలగొట్టించాం. తీగ నిజంగానే ఊడి ఉంది. గొయ్యిలో మట్టి పొడిపొడిగా, ఇటుక పొడిలా ఉంది. కొత్త తీగ బిగించి, బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోస్తే భూమి బుసబుసమంటూ తాగేసింది. దుమ్ము లేవకుండా గొయ్యి చుట్టూ చిన్న గట్టు కట్టి రేకు మూత పెట్టించాను. సాయంత్రం లెక్క చూపించాను. సున్నా. మర్నాడూ సున్నా. ఆ ఒక్క కారణమేనా అంటే ఒట్టేసి చెప్పలేను, నాకన్నా చదువుకున్నవాళ్లు వేరే ఏదైనా అనొచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ గొయ్యి తడిసిన దగ్గర్నుంచీ తప్పన్నది రాలేదు.

కానీ నా భయం అలాగే ఉంది. కాపీ చేసిన రోజున ఏం పాడైందో ఆ పెట్టెకి తెలీదు, నాకూ తెలీదు. ఆ మాటలు చెప్పిన మనిషికే తెలియాలి. రెండు రోజులు గొణుక్కుని, ఆఖరికి ఆవిడ ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. నూట ఇరవై ఎనిమిది దగ్గర్నుంచి. నేను కొట్టిన సరిచెయ్యి కూడా చెప్పాను. ఆవిడ నా ముఖంలోకే చూస్తూ వింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా పుస్తకం విసిరికొడుతుందనుకున్నాను. ఒక్క మాట రాసింది. "పెట్టండి."

మధ్యాహ్నం పూట, ఫ్యాను వేసుకుని, కిటికీలు తెరుచుకుని మొదలుపెట్టాం. నేను ఫైలు తెరవడం, గుండె చిక్కబట్టుకుని ఆవిడ ముఖం చూడటం. మొదటి ఫైలులో ఆవిడ గొంతు వినబడగానే ఆవిడ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. తరవాత పెన్ను తీసుకుని, పిల్లల కాపీలు దిద్దినట్టు, ఒక్కొక్క ఫైలుకీ ఒక టిక్కు పెడుతూ పోయింది. తొమ్మిదో దాంట్లో ఎక్కాల మధ్య కీచుమని ఒక అరుపు వచ్చింది. పద్నాలుగో ఎక్కం దాంట్లో కొట్టుకుపోయింది. ఆవిడ పెదవి విరిచి ఇంటూ పెట్టింది. పదిహేడో దాంట్లో పాలు పొంగాయి. నేను కిటికీ వైపు తిరిగాను. ఇరవై రెండోది సగంలో తెగిపోయింది.

ముప్పయ్యోదో ముప్పై ఒకటోదో జోలపాట నడుస్తుండగా పాప పక్కింటి నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు వింది. బాగా నచ్చినట్టుంది, తల కూడా ఊపింది. ఆ తరవాత అడిగింది.

"నాన్నా, ఈ ఆంటీ ఎవరు?"

నాలుగేళ్లుగా ఆ పిల్ల కోసమేగా ఈ దాచడమంతా. వినిపించాల్సిన వయసు ఇంకా రాలేదని, పైగా ఎక్కడ పాడైపోతుందోనని, ఆ పిల్లకి ఒక్కసారి కూడా వినిపించలేదు. మా ఆవిడ వైపు చూడలేకపోయాను. చూసేసరికి ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. చప్పుడు లేని నవ్వు, మెడ మీది గుడ్డ మాత్రం రెపరెపలాడుతోంది. నవ్వుతూనే ఉంగరంతో కుర్చీ చెయ్యి మీద కొట్టింది, టక్ టక్. పాప జోలపాటని వదిలేసి పరిగెత్తుకొచ్చి ఆవిడ ఒళ్లో దూకింది.

నలభై ఒకటోది ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. అది పెళ్లప్పుడు చెప్పే మాటలు. నాకు ఏడుపొచ్చింది. క్షమించు అన్నాను. ఆవిడ పాపని దించి, పుస్తకం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. గుర్తున్నది గుర్తున్నట్టు, మధ్యమధ్య ఆగి ఆలోచించుకుంటూ, మూడు పేజీలు రాసింది. రాసి నాకు అందించింది. నేను అలవాటు కొద్దీ "సరే, స్కాన్ చేసి దాస్తాను" అన్నాను. ఆవిడ పుస్తకం వదల్లేదు. నేనూ పట్టుకునే ఉన్నాను, ఆవిడా పట్టుకునే ఉంది. అప్పుడర్థమై, అలా నిలబడే, మొదటి అక్షరం నుంచి ఆఖరి దాకా చదివాను. ఆవిడ నా కళ్లనే చూస్తూ నిలబడింది, ఎక్కడైనా దాటేస్తానేమోనని.

చదవడం అయ్యాక ఇంకొక మాట రాసి చూపించింది. "పాపకి ఇలాంటివి మధ్యలో చాలా రాశాను. పాతవన్నీ ఎక్కడ పెట్టారు?"

నాలుగేళ్ల పుస్తకాలు. పన్నెండో పదమూడో ఉండాలి. పాత పేపర్ల అతని తక్కెట్లో అవి ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉన్నప్పటి దృశ్యం నా కళ్ల ముందుకు వచ్చింది. చెప్పాలని నోరు తెరిచాను. మాట పెగల్లేదు. ఆవిడ కాసేపు ఎదురుచూసి, తన పెన్ను నా చేతికిచ్చింది.